రోగనిరోధక జన్యువుల పరిణామము: మెట్ల బొమ్మపై ఒక విమర్శ

పరిణామ సిద్ధాంతమును బోధించునపుడు నల్లబల్లపై మెట్ల వరుస నొకదానిని గీయుట చిరకాలముగా వచ్చుచున్న అలవాటు. అడుగు మెట్టుపై చేప; దానిపై కప్ప; ఆపైన బల్లి; ఇంకను పైన పక్షి, క్షీరదము; చిట్టచివరి మెట్టుపై మనుష్యుడు. ఈ బొమ్మ పిల్లలకు సులభముగా జ్ఞాపకముండును. పరీక్షలో వ్రాయుటకును తేలిక. గుండెను గూర్చి చెప్పునపుడు ఇది కొంతవరకు పనికియు వచ్చును. చేప గుండెకు రెండు గదులు, కప్ప గుండెకు మూడు, మన గుండెకు నాలుగు అని చెప్పగానే మెట్ల వరుస కండ్లకు కట్టినట్లుండును.

ఈ బొమ్మనే రోగనిరోధక శక్తికి కూడ వర్తింపజేయుట కద్దు. చేపలలో ఆ శక్తి మొరటుగా ఆరంభమైనదనియు, మెట్టు మెట్టుకు క్రొత్త భాగములు చేరినవనియు, క్షీరదములలో అది పరిపూర్ణత నందినదనియు చెప్పుచుందురు. వినుటకు సబబుగానే తోచును. కాని గడచిన నలుబది సంవత్సరములలో చేపల జన్యువులను పరిశీలించినవారు సేకరించిన సాక్ష్యము ఈ మాటకు అనుకూలముగా లేదు. ఇందులో ఎంత నిజము, ఎంత కేవలము అలవాటు అను విషయమును విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఇది వట్టి మాటల తగవు కాదు. మెట్ల బొమ్మను నమ్మిన విద్యార్థి పరిణామమనగా నేమో తప్పుగా నేర్చుకొనును. చేపల రోగములను గూర్చియు, మన రోగములను గూర్చియు తప్పు ఊహలు చేయును.

గుర్తించుట యనగా నేమి?

మొదట మూల విషయమును స్థూలముగా తెలిసికొందము. శరీరములో ప్రవేశించిన సూక్ష్మజీవిని చంపుట అంత కష్టము కాదు. దానిని పరాయిదని గుర్తించుటయే కష్టము. చేతిలో కత్తి యున్న కావలివాడు ఇంటివారికిని దొంగకును భేదము తెలియనివాడైనచో ఆ కత్తి వలన ఇంటికే ముప్పు.

మనలో ఈ గుర్తింపు పని ముఖ్యముగా మూడు విధములైన ప్రోటీనులచే జరుగును. బి-కణములు తయారుచేయు ప్రతిరక్షకములు మొదటివి. టి-కణములపై నుండు గ్రాహకములు రెండవవి. ఈ టి-కణములకు వస్తువును చూపు ప్రోటీనులు మూడవవి. మూడవవానిని గూర్చియే ఇక్కడ ఎక్కువగా చెప్పవలసియున్నది. టి-కణము సాధారణముగా సూక్ష్మజీవిని నేరుగా గుర్తింపలేదు. శరీరములోని దాదాపు ప్రతి కణమును తనలోని ప్రోటీనులను చిన్న తునకలుగా కోసి, ఆ తునకలను పళ్ళెములో పెట్టినట్లుగా తన పైపొరపై నిలిపి చూపుచుండును. వైరస్ దూరిన కణమైనచో ఆ పళ్ళెములో వైరస్ తునక కనబడును. టి-కణము దానిని చూచి ఆ కణమును చంపును.

ఈ పళ్ళెములు రెండు తరగతులు. కణము లోపల తయారైన ప్రోటీనుల తునకలను చూపునవి మొదటి తరగతివి. కొన్ని ప్రత్యేక కణములు బయటినుండి మ్రింగిన సూక్ష్మజీవుల తునకలను చూపునవి రెండవ తరగతివి. మొదటి తరగతి పళ్ళెమును చూచు టి-కణములపై సి.డి.8 అను ప్రోటీనుండును. రెండవ తరగతి పళ్ళెమును చూచు వానిపై సి.డి.4 ఉండును. సి.డి.4 గల కణములను సహాయక కణములందురు. ఇవి బి-కణములను ప్రోత్సహించి, వానిచే మంచి ప్రతిరక్షకములను చేయించును.

పళ్ళెములకు కావలసిన జన్యువుల సముదాయమునకు ఎమ్.హెచ్.సి. అని పేరు. ఇది మొదట బయటపడినది రోగముల పరిశోధనలో కాదు, ఒకరి కణజాలమును మరియొకరికి అంటుకట్టు ప్రయత్నములలో. 1936లో పీటర్ గోరర్ ఎలుకలలో దీని జాడ కనుగొనెను. జార్జి స్నెల్ ఆ పనిని విస్తరించెను. 1958లో జాన్ డోసే మనుష్యులలో ఇట్టిదానిని వర్ణించెను. అయితే అంటుకట్టుట ప్రకృతిలో జరుగునది కాదు గదా, ఈ జన్యువులకు అసలు పని యేమి? 1974లో రోల్ఫ్ జింకర్నాగెల్, పీటర్ డోహర్టీ అనువారు ఎలుకలపై చేసిన ప్రయోగములతో దానికి సమాధానము దొరికినది. టి-కణము వైరస్‌ను ఒంటరిగా గాక, ఎమ్.హెచ్.సి. ప్రోటీనుతో కలిపియే గుర్తించునని వారు చూపిరి. 1999లో మనుష్యుని 6వ క్రోమోసోముపై నున్న ఈ సముదాయము యొక్క పూర్తి వరుసను ప్రకటించినపుడు, సుమారు 36 లక్షల అక్షరముల పొడవులో 224 జన్యుస్థానములు లెక్కకు వచ్చినవి.

చేపలలో ఇట్టి జన్యువులు మొదట 1990లో కార్ప్ చేపలో దొరికినవి. జపాను శాస్త్రజ్ఞులు హషిమోటో, నకనిషి, కురొసవ వానిని ప్రకటించిరి. అంతవరకు మెట్ల బొమ్మకు ఇబ్బంది యేమియు కలుగలేదు. చేపకును ఇవి కలవు, మనకును కలవు. మనవి మేలైనవి కావచ్చును అని అనుకొనుటకు అవకాశముండెను.

కాడ్ చేప సాక్ష్యము

2011లో నార్వే దేశపు శాస్త్రజ్ఞులు అట్లాంటిక్ కాడ్ చేప యొక్క జన్యు వరుసను 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. అందులో ఎవరును ఊహింపని విషయ మొకటి కలదు. ఈ చేపలో రెండవ తరగతి పళ్ళెములకు కావలసిన జన్యువులు లేవు. వానిని కూర్చుటకు తోడ్పడు ప్రోటీను జన్యువు కూడ లేదు. సి.డి.4 జన్యువు స్థానములో పనికిరాని విరిగిన ముక్క మాత్రమే మిగిలియున్నది. అనగా మనము రోగనిరోధక శక్తికి వెన్నెముక వంటిదని చెప్పుకొను సహాయక కణముల మార్గము మొత్తము ఈ చేపలో అంతరించినది.

దీని ప్రాముఖ్యమును గ్రహింపవలెనన్న మనుష్యునిలో ఇట్టి లోపము వచ్చిన నేమగునో చూడవలెను. రెండవ తరగతి పళ్ళెములు లేకుండ పుట్టు శిశువులు అరుదుగా కలరు. వారు ఒకదాని వెంట ఒకటిగా తీవ్రమైన అంటురోగములకు గురియగుదురు. మూలుగ మార్పిడి జరుగనిచో సాధారణముగా చిన్నతనములోనే మరణింతురు. ఎయిడ్స్ వ్యాధిని కలిగించు వైరస్ సి.డి.4 ను పట్టుకొనియే కణములో దూరును. ఆ కణములు నశించినకొలది, ఆరోగ్యవంతునికి ఏమియు చేయలేని సూక్ష్మజీవులు కూడ రోగిని బాధించును. అట్టి సి.డి.4 అసలే లేని కాడ్ చేప ఉత్తర అట్లాంటిక్ సముద్రములో శతాబ్దములపాటు దేశములను పోషించునంత విస్తారముగా బ్రతికినది. 1992లో కెనడా ప్రభుత్వము న్యూఫౌండ్లాండ్ తీరమున కాడ్ వేటను నిలిపివేయవలసి వచ్చినది. ఆ చేపల సంఖ్య కూలిపోవుటకు ముఖ్య కారణము మనుష్యుల అతివేట. జన్యువుల లోపము కాదు.

కాడ్ చేప ఎట్లు బ్రతుకుచున్నది? దాని జన్యు వరుసలోనే కొంత సమాధానము కలదు. మొదటి తరగతి పళ్ళెముల జన్యువులు ఈ చేపలో సుమారు నూరు నకళ్ళుగా పెరిగియున్నవి. సూక్ష్మజీవుల సామాన్య లక్షణములను గుర్తించు 'టోల్' రకపు గ్రాహకములలో కొన్ని పోయినవి, మరికొన్ని అనేక నకళ్ళుగా వృద్ధియైనవి. అదే బృందమువారు 2013లో ప్రకటించిన మరియొక పరిశీలనలో, కాడ్ చేప మొదటి తరగతి ప్రోటీనులలో కొన్నిటికి, మ్రింగిన వస్తువులుండు గదులకు చేర్చునట్టి చిరునామా గుర్తులు కనబడినవి. అనగా రెండవ తరగతి పనిలో కొంత భాగమును మొదటి తరగతియే చేయుచుండవచ్చునని వారి ఊహ. ఊహ అని ఎందుకనుచున్నాననగా, చిరునామా కనబడినంత మాత్రమున ఉత్తరము చేరినట్లు కాదు. అది ప్రయోగములచే నిరూపింపబడవలసిన విషయము.

ఇంకొక విశేషము. కాడ్ చేపకు సూదిమందు వేసినచో ఆ సూక్ష్మజీవికి ప్రత్యేకించిన ప్రతిరక్షకములు చాల తక్కువగా పుట్టునని జన్యు వరుస బయటపడక ముందే తెలియును. కారణము మాత్రము తెలియదు. 2011లో కారణము దొరికినది. ఇక్కడ మెట్ల బొమ్మను నమ్మినవాడు వెంటనే "అట్లైన ఈ చేపకు టీకా పనిచేయదు" అని తీర్మానించును. కాని విబ్రియో అను బాక్టీరియాకు వేసిన టీకా, ప్రతిరక్షకములు అంతగా పుట్టకున్నను, కాడ్ చేపను కాపాడునని ప్రయోగములలో తేలినది. మనకు తెలిసిన దారి ఒక్కటే దారి యని తలచుట వలన కలుగు పొరపాటునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

వరుస తప్పిన మెట్లు

కాడ్ ఒక్కటే వింత జంతువని త్రోసిపుచ్చుటకు వీలులేదు. మెట్ల బొమ్మ ప్రకారము మృదులాస్థి గల సొరచేప అన్నిటికంటె దిగువన, ఎముకల చేప దానిపైన, మనము ఇంకను పైన ఉండవలెను. ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న వేసికొందము: రెండు తరగతుల పళ్ళెముల జన్యువులు క్రోమోసోముపై ప్రక్కప్రక్కనే యున్నవా, విడిపోయినవా? మనుష్యునిలో ప్రక్కప్రక్కన ఉన్నవి. సొరచేపలోను ప్రక్కప్రక్కననే ఉన్నవని 2000 సంవత్సరములో తేలినది. కాని అదే సంవత్సరము ప్రకటింపబడిన మరియొక పరిశోధన ప్రకారము ఎముకల చేపలలో అవి విడిపోయి వేరువేరు చోట్ల ఉన్నవి. ఈ ఒక్క విషయములో సొరచేప మనకు దగ్గర; మధ్య మెట్టుపై నుండవలసిన ఎముకల చేప దూరము! మెట్లు సరియైనవైనచో ఇట్లు జరుగరాదు. ఎముకల చేపల పూర్వికులలో పాత అమరిక చెదరినదనియు, సొరచేపలును మనమును దానిని నిలుపుకొన్నామనియు చెప్పుటయే సరి.

దవడలు లేని లాంప్రే కథ ఇంకను విచిత్రము. దీనికి మన ప్రతిరక్షకముల వంటివి లేవు. ఎమ్.హెచ్.సి. లేదు. మన బి-కణములలోను టి-కణములలోను జన్యు ముక్కలను కత్తిరించి అతుకు 'రాగ్' అను కత్తెర జన్యువులు కూడ దీనిలో ఆ పని చేయుట లేదు. అయినను 1964లోనే ఫిన్‌స్టాడ్, గుడ్ అనువారు లాంప్రే పరాయి వస్తువులకు ప్రతిస్పందించునని చూపిరి. అది ఎట్లు సాధ్యమని నలుబది సంవత్సరములు చిక్కుముడిగా ఉండెను. 2004లో జీవ్ పాన్సర్, మాక్స్ కూపర్ మొదలగువారు ఆ ముడి విప్పిరి. లాంప్రే పూర్తిగా వేరొక కుటుంబపు ప్రోటీనులను, లూసీను అను ఏమినో ఆమ్లము అధికముగా గల పలకలను, వేరువేరు విధముల పేర్చి లెక్కకు మించిన రకముల గ్రాహకములను చేయుచున్నది. ప్రతి కణము ఒక్కొక్క రకమును మాత్రమే ధరించును. పని ఒకటే, పనిముట్టు వేరు. లాంప్రే మనకంటె ఒక మెట్టు దిగువన ఆగిపోలేదు. అదే సమస్యకు మరియొక సమాధానమును కనుగొన్నది.

'రాగ్' కత్తెర చరిత్రయు మెట్లకు అనుకూలముగా లేదు. జన్యు వరుసలో ఒకచోటినుండి మరియొక చోటికి దుముకు సంచార జన్యువొకటి మన పూర్వికుల జన్యువులలో చొరబడి, కాలక్రమమున పనివాడుగా స్థిరపడినదని 1998లో ప్రయోగపూర్వకమైన ఆధారము లభించినది. 2016లో చీనా శాస్త్రజ్ఞులు అట్టి సంచార జన్యువు ఇంకను జీవించియున్న చోటును చూపిరి. అది వెన్నెముక లేని చిన్న సముద్రజీవి యగు ఆంఫియాక్సస్. మన రోగనిరోధక శక్తిలోని అత్యుత్తమ భాగమనుకొన్నది ఒకప్పుడు పిలువని పేరంటముగా వచ్చినదన్న మాట!

'లేదు' అనుటలోని అపాయము

ఇంతవరకు మెట్ల బొమ్మను విమర్శించితిని. ఇక దానిని కూలద్రోయ నుత్సహించువారిని కూడ విమర్శింపవలెను. చేపల జన్యువులను గూర్చిన వార్తలలో 'లేదు' అను మాట తరచు వచ్చుచున్నది. ఒక వస్తువు ఉన్నదని చెప్పుట కంటె లేదని చెప్పుట కష్టము. సంతలో ఒక గంట తిరిగి మామిడిపండు కనబడలేదన్నవాడు నిజమే చెప్పినాడు. సంతకే మామిడిపండు రాలేదన్నచో ప్రతి గంపయు చూచియుండవలెను.

1962లో హాగ్ చేపలపై ప్రయోగములు చేసిన పరిశోధకులు వానిలో ఇట్టి ప్రతిస్పందన కనబడలేదని ప్రకటించిరి. హాగ్ చేప లాంప్రేకు దగ్గరి చుట్టము, దవడలు లేనిది. మెట్ల బొమ్మకు ఇది చక్కగా అమరినది: ఇక్కడ శూన్యము, లాంప్రేలో ఆరంభము, సొరచేపలో వృద్ధి. కాని 1969లో హిల్డెమన్, థోనెస్ అనువారు హాగ్ చేపలకు పరాయి చర్మమును అంటుకట్టి చూచిరి. అవి ఆ చర్మమును నెమ్మదిగానైనను తిరస్కరించినవి. కొరత చేపలో లేదు, మొదటి పరీక్షలో ఉన్నది.

ఇటువంటిదే మన కాలములోను జరిగినది. 2014లో ఏనుగు సొరచేప యను మృదులాస్థి చేప జన్యు వరుస 'నేచర్' పత్రికలో వెలువడినది. ఆ పరిశోధకులు దానిలో సి.డి.4 కనబడలేదనియు, సహాయక కణములకు సంబంధించిన సంకేత ప్రోటీనులు పెక్కు లేవనియు వ్రాసిరి. అదే సంవత్సరము యొహానెస్ డైక్‌స్ట్రా ఆ వరుసనే తిరిగి పరిశీలించి, లేవన్నవానిలో కొన్నిటికి సరిపోలు జన్యువులు అందులోనే ఉన్నవని అదే పత్రికలో చూపెను. సంకేత ప్రోటీనుల జన్యువులు త్వరత్వరగా మారునవి. నలుబది కోట్ల సంవత్సరములకు పైగా వేరుపడిన జంతువులలో వాని పోలికను కేవలము అక్షరములనుబట్టి పట్టుకొనుట కష్టము. సులభముగా దొరకనంత మాత్రమున లేదనరాదు.

మరి కాడ్ విషయములో 'లేదు' అన్న మాటను ఎందుకు నమ్మవలెను? ఇచ్చటనే విమర్శకు విలువ. అక్కడ సాక్ష్యము ఒక్కటి కాదు. పొరుగు జన్యువులు తమ తమ స్థానములలో నుండగా సి.డి.4 స్థానములో విరిగిన ముక్క దొరికినది. ఒకదానితో ఒకటి కలసి పనిచేయు మూడు భాగములును కలసియే పోయినవి. 2016లో మరి 66 జాతుల ఎముకల చేపల జన్యు వరుసలను చదివినపుడు, కాడ్ కుటుంబపు చేపలన్నిటిలోను అదే లోపము కనబడినది. అది సుమారు పది కోట్ల సంవత్సరముల క్రిందట వాని పూర్వికులలో ఒక్కసారి జరిగినదని వారు లెక్కకట్టిరి. ప్రతిరక్షకములు సరిగా పుట్టకపోవుట వేరొక దిక్కునుండి దీనినే బలపరచుచున్నది. నాలుగు సాక్ష్యములు ఒకే మాట చెప్పినపుడు నమ్మవచ్చును. అయితే ఆ 2016 వ్యాసములోనే మొదటి తరగతి జన్యువులు అధికముగా గల చేపల వంశములలో క్రొత్త జాతులు త్వరగా ఏర్పడినవను మాట కూడ ఉన్నది. ఇది రెండు అంకెల మధ్య కనబడిన సంబంధము మాత్రమే. ఒకటి మరియొకదానికి కారణమని చెప్పుటకు ఇంకను ఆధారములు కావలెను.

మెట్లు లేనిచో మార్పు ఎట్లు కలుగును?

మెట్లు తీసివేసినచో విద్యార్థికి ఏమి మిగులునని ఉపాధ్యాయులు అడుగవచ్చును. మిగులునది అంతకంటె చక్కని విషయము; ప్రకృతి వరణము పనిచేయుట కంటికి కనబడు చోటు ఇది.

జన్యువులో మూడక్షరముల మాట ఒక ఏమినో ఆమ్లమును సూచించును. అక్షరములో మార్పు వచ్చినపుడు కొన్నిసార్లు ఏమినో ఆమ్లము మారును, కొన్నిసార్లు మారదు. సాధారణముగా ప్రోటీనును మార్చు మార్పులు హాని చేయును గనుక తొలగిపోవును. మార్చని మార్పులే ఎక్కువగా నిలుచును. 1988లో ఆస్టిన్ హ్యూస్, మసతోషి నేయి అనువారు మనుష్యుల, ఎలుకల మొదటి తరగతి పళ్ళెముల జన్యువులను ఈ దృష్టితో పరిశీలించిరి. తునకను పట్టుకొను గుంటలో మాత్రము లెక్క తారుమారుగా నున్నది. అక్కడ ప్రోటీనును మార్చు మార్పులే ఎక్కువగా నిలిచినవి. మిగిలిన భాగములలో అట్లు లేదు. అనగా ప్రకృతి ఆ గుంటలో క్రొత్తదనమును కోరుచున్నది. సూక్ష్మజీవులు తమ రూపమును మార్చుకొనుచుండగా, పళ్ళెమునకును మారక తప్పదు.

అందువలననే మనుష్యులలో ఈ జన్యువులకు నలుబది వేలకు మించిన రూపములు నమోదైనవి. ఇవి అన్నియు మనుష్యజాతి పుట్టిన తరువాత ఏర్పడినవి కావు. ఒక మనిషిలోని రూపము, ప్రక్క మనిషిలోని రూపము కంటె చింపాంజీలోని రూపమునకు దగ్గరగా నుండుట 1988లోనే గమనింపబడినది. జాతులు విడిపోకముందే వేరుపడిన రూపములను రెండు జాతులును పంచుకొన్నవి. 'ఎక్కువ, తక్కువ మెట్లు' అను భాషలో దీనిని చెప్పుటకు వీలే లేదు.

ఎన్ని రూపములున్న అంత మంచిదా? చేపయే దీనికి సమాధానము చెప్పినది. 2003లో జర్మనీ శాస్త్రజ్ఞులు మూడు ముళ్ళ స్టికిల్‌బ్యాక్ అను చిన్న చేపలను మూడు రకముల పరాన్నజీవులకు గురిచేసిరి. తక్కువ రూపములు గల చేపలకును, మరీ ఎక్కువ గల వానికిని పరాన్నజీవులు అధికముగా పట్టినవి. మధ్యస్థముగా నున్నవానికి తక్కువ. పళ్ళెములు హెచ్చినకొలది తన శరీరమునే పరాయిదనుకొను టి-కణములు కూడ హెచ్చును. వానిని ముందుగానే ఏరివేయవలసి వచ్చును. అందుచే ఉపయోగపడు టి-కణములును తగ్గిపోవునని వారి వివరణ. ఇప్పుడు తెలివిగల విద్యార్థి వెంటనే అడుగవలెను: అట్లైన నూరు నకళ్ళు గల కాడ్ మాట ఏమి? ఇది న్యాయమైన ప్రశ్న. రెండవ తరగతి పోయిన చేపలో సమతూకము వేరుచోట కుదిరియుండవచ్చును. నూరును ఒకే పాళ్ళలో పనిచేయకపోవచ్చును. ప్రశ్న తెరచియే యున్నది. దానిని తెరచియే చూపుట పాఠమునకు కొరత కాదు.

క్షీరదములలో కూడ మెట్లు లేవు. మొదటి తరగతి పళ్ళెములు సరిగా ఉన్నవో లేవో తనిఖీ చేయు 'సహజ హంతక కణములు' మనుష్యునికిని ఎలుకకును ఉన్నవి. మనలో ఆ తనిఖీకి వాడు గ్రాహకములు ప్రతిరక్షకముల కుటుంబమునకు చెందినవి. ఎలుకలో పూర్తిగా వేరైన లెక్టిను కుటుంబమునకు చెందినవి. ఎవరు పై మెట్టు, ఎవరు క్రింది మెట్టు? జన్యువులు నకళ్ళుగా పుట్టుచు, కొన్ని నిలుచుచు, కొన్ని చచ్చుచు ఉండునని నేయి దీనికి 'జనన మరణ పరిణామము' అని పేరు పెట్టెను. పేరు బాగున్నది.

మెట్ల బొమ్మలోని నిజము

న్యాయముగా చెప్పవలెనన్న, మెట్ల బొమ్మలో కొంత నిజము లేకపోలేదు. చేపలలో ప్రతిరక్షకము ఒక తరగతినుండి మరియొక తరగతికి మారుట కనబడదు; అది కప్పలలో కనబడును. మనలోవలె కట్టుదిట్టమైన లింఫు గ్రంథులు చేపలకు లేవు. ప్రతిరక్షకము యొక్క పట్టు దినదినము బిగియుటయు క్షీరదములలో ఎక్కువ. కాని ఇక్కడను తొందరపడరాదు. ప్రతిరక్షకములకు పదును పెట్టు ప్రత్యేక కేంద్రములు చల్లనిరక్తపు జంతువులలో లేవని పుస్తకములలో ఉండెడిది. 2023లో ట్రౌట్ చేప ప్లీహములో అట్టి కేంద్రముల వంటి కణ సముదాయములు కనబడినవని పరిశోధకులు ప్రకటించిరి. 'లేదు' అను మాట మరల ఒకసారి సవరింపబడినది.

తరగతిలో ఏమి చేయవచ్చును?

మన తీరపు జిల్లాల చెరువులలో పెంచు బొచ్చె, శీలావతి చేపలు కార్ప్ కుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబములో రెండవ తరగతి పళ్ళెములు నిలిచియే యున్నవి. కనుక కాడ్ చేపను గూర్చి చదివి, చేపలన్నిటికిని సహాయక కణములు లేవని చెప్పుట, మనుష్యుని చూచి చేపలన్నిటికిని మనవంటి ప్రతిరక్షకములు పుట్టవలెననుట, రెండును ఒకే పొరపాటు. 'చేప' అనునది ఒక మెట్టు కాదు. కాడ్, కార్ప్, సొరచేప, లాంప్రే అనునవి ఒకదానికొకటి ఎంతో దూరమైన వంశములు. ఆ మాటకు వచ్చినచో కార్ప్ చేప లాంప్రేకు కంటె మనకే దగ్గరి చుట్టము.

ఉపాధ్యాయ మిత్రులు నల్లబల్లపై మెట్లకు బదులు కొమ్మలు గల చెట్టు నొకదానిని గీయవచ్చును. లాంప్రే, సొరచేప, కార్ప్, కాడ్, ఎలుక, మనుష్యుడు, ఈ ఆరుగురికి ఆరు కొమ్మలు చాలును. ఏదైన జన్యు సముదాయము వచ్చిన చోట ఒక గుండ్రని గుర్తు, పోయిన చోట ఒక అడ్డుగీత పెట్టించవలెను. లాంప్రే కొమ్మపై పలకల గ్రాహకములకు ఒక గుండ్రము. దవడలు గల జంతువుల మొదట 'రాగ్' కత్తెరకును, ఎమ్.హెచ్.సి.కిని గుండ్రములు, ఎముకల చేపల కొమ్మపై రెండు తరగతులు విడిపోయినట్లు ఒక చీలిక గుర్తు, కాడ్ కొమ్మపై రెండవ తరగతికి అడ్డుగీత. అటుపిమ్మట ప్రతి గుర్తు ప్రక్కన "దీనికి సాక్ష్యము ఏమి?" అని వ్రాయించవలెను. ఒక్క సాక్ష్యమే ఉన్నచోట పెన్సిలుతో, నాలుగు సాక్ష్యములున్నచోట సిరాతో గీయించినచో ఇంకను మేలు. పెన్సిలు గీతలలో కొన్నిటిని కొలది సంవత్సరములలో చెరిపివేయవలసి వచ్చును. చెరిపినప్పుడెల్ల ఎందుకు చెరుపుచున్నామో విద్యార్థికి చెప్పవలెను.